రాళ్ళకు తోడు పెట్టినామె

మా ఇంటి హాల్లో పావుగంటకొకసారి ఎవరో నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి పెరటి వైపు చూస్తారు. మా ఇంట్లో అంత గట్టిగా పుక్కిలించే మనిషి మా ఆయన ఒక్కడే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ పని చేసేది కిటికీ కింద, చేపల తొట్టి నెత్తిన కూర్చున్న నీలం టబ్బు. దాని కడుపు నిండా గులకరాళ్ళు, రాళ్ళ మధ్య పుదీనా. చేపల నీళ్ళు చిన్న మోటరుతో పైకెక్కి ఆ టబ్బులో మెల్లగా నిండుతాయి. నిండగానే గుడగుడమని ఒక్కసారిగా మళ్ళీ చేపల దగ్గరికే దిగిపోతాయి.

ఆ టబ్బును అక్కడ కూర్చోబెట్టిన ఆమె పోయిన నెల పోయింది. అది పుక్కిలించినప్పుడల్లా ఆమె గుర్తొస్తోంది. పావుగంటకొకసారి గుర్తుకురావాలంటే ఎవరికైనా విసుగే. అందుకే రాసి పక్కన పెడదామని కూర్చున్నాను.

చిత్తూరులో మా వీధికీ పక్క వీధికీ ఆమె పైపులామె. పేరు లేక కాదు. ఒకసారి అడిగితే, "నా పేరు రేషను కార్డులో ఉండాదిలే అత్తా. కొళాయి కారేటప్పుడు ఎవురూ దాన్ని పిలవరు" అంది.

"ఎవరే నీకు అత్త?" అన్నాను. నాకు వరసలు కలిపేవాళ్ళంటే గిట్టదు. వరస కలిపిన మరునాడు చక్కెర అడుగుతారు.

"నీకు నచ్చకపోతే పెద్దమ్మా అంటా. అయితే అత్తనైతేనే ఎగతాళి సేసేదానికి బాగుంటాది" అంది.

భర్త పైపుల పని చేసేవాడు. ఆయన పోయినాక ఆయన రంపమూ, రెంచీలూ, చొక్కాలూ ఈమె తీసుకుంది. చీర మీద మగవాళ్ళ పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని వచ్చేది. మొదటిసారి చూసి నేను ముఖం చిట్లించాను. ఆమె కనిపెట్టింది. "ఆయప్ప పోయినా సొక్కాకు జేబులుండాయి కదత్తా. సీరకు జేబు యాడుండాది?" అంది. అరవయ్యేళ్ళుగా చీర కడుతున్నాను, కొంగు చివర ముడి తప్ప నాకే జేబూ లేదు.

జేబు ఉన్నా కొలత టేపు అందులో ఉండేది కాదు. కొప్పులో చీపురుపుల్లలు రెండు గుచ్చుకుని వచ్చేది. ఎక్కడ ఎంత పైపు కావాలో అక్కడ పుల్ల ఆనించి, గోటితో తుంచేది. ఆ తుంచిన పుల్లే కొలత. పని అయినాక పుల్లలన్నీ ఏరి మళ్ళీ కొప్పులో పెట్టుకునేది. "టేపుకు అంకెలుంటాయి, అంకెలు మర్సిపోతా. పుల్ల మర్సిపోదు" అనేది. రెండు ముక్కలు అతికించే ముందు ప్రతి పైపునూ నోటికి పెట్టుకుని శంఖం ఊదినట్టు ఊదేది. "ఊపిరి పోతే నీళ్ళు పోతాయి." ఇది ఆమె వేదం. ఒకసారి మా వంటింటి పాత పైపు ఊదితే అవతలి కొస నుంచి బొద్దింక ఎగిరి గోడకు అతుక్కుంది. ఆమె దానికేసి చూసి, "సూడత్తా, లోపలుండే వాళ్ళు గూడా మాట ఇంటారు" అంది.

ఇంక, చేపలు మా ఇంటికెందుకు వచ్చాయో చెప్పాలి. మా అబ్బాయికి నలభై ఆరేళ్ళు, కోర్టులో గుమాస్తా. బీపీ వచ్చింది. డాక్టరు మాత్రలిచ్చి, రోజూ కాసేపు ఏదైనా ప్రశాంతంగా చూస్తూ కూర్చోమన్నాడట. వీడు పోయి అద్దాల తొట్టీ, అందులోకి ఆరు ఎర్ర చేపలూ తెచ్చాడు. మా కాలంలో చేపల్ని పులుసు పెట్టి తినమనేవాళ్ళు, చూడమనేవాళ్ళు కాదు. సరే, వాడి ఒంటికి మంచిదంటే నోరు మూసుకున్నాను. సాయంత్రం వచ్చి కుర్చీ వేసుకుని వాటి ముందు కూర్చునేవాడు. నిజమే, ముఖం మెత్తబడేది. పడుకున్నాక గురక కూడా తగ్గిందని కోడలు చెప్పింది.

కానీ ప్రతి ఆదివారం తొట్టిలో సగం నీళ్ళు తోడి కాలవలో పోసేవాడు. లేకపోతే చేపల ఉచ్చ నీళ్ళలో చేరి వాటికే విషమవుతుందట. మా వీధికి కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు. నేను బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటికి పోసే మనిషిని. నా కళ్ళ ముందే బిందెలు బిందెలు కాలవపాలవుతుంటే ఎన్ని ఆదివారాలు చూస్తూ ఊరుకుంటాను?

"ఇంక ఒక్క చెంబు నీళ్ళు కాలవలో పోసినావంటే తొట్టి వీధిలో ఉంటాది, సూడు" అన్నాను.

"బీపీ అమ్మా" అన్నాడు.

"నీ బీపీ తగ్గి నాకెక్కతా ఉండాది."

అప్పుడు పైపులామె మా వంటింట్లో కొళాయికి వాషరు మారుస్తోంది. రెంచీ చేతిలో పట్టుకుని హాల్లోకి వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. "కొట్లాడబాకండి. ఆ నీళ్ళు పారబోసేవి కాదు, తిప్పేవి" అంది.

ఎప్పుడో ఎవరో ఇంటివాళ్ళు ఫోనులో చూసి మిద్దె మీద ఇలాంటిది చేయించుకున్నారట. మోజు తీరినాక పీకెయ్యమన్నారట. పీకిన సామానంతా ఈమె తన ఇంటికి మోసుకుపోయి, సిమెంటు తొట్టిలో నాలుగు చేపలు వేసి మళ్ళీ బిగించుకుంది. చేపలు మలినం చేసిన నీళ్ళు రాళ్ళ మీదికి పోతాయి, అక్కడ మొక్కలు ఆ మలినాన్ని తింటాయి, నీళ్ళు శుభ్రమై కిందికి దిగుతాయి. "నీళ్ళు తగ్గితే పైన ఒక చెంబు పోసేదే. పుదీనా ఊరికే వస్తాది" అంది.

"ఊరికే" అన్న మాట నా చెవికి ఇంపుగా వినిపించింది.

మరుసటి రోజు పని మొదలైంది. ఏదీ కొననివ్వనని నేను ముందే చెప్పాను. ఏదీ కొనాల్సిన పనిలేదని ఆమె నాకంటే ముందే అనుకుని వచ్చింది. నా జీవితంలో నాకు పోటీ వచ్చిన పొదుపు మనిషి ఆమె ఒక్కతే. నేను అంచు పగిలిన నీలం టబ్బు ఇచ్చాను. ఆమె పగులుకు సైకిలు ట్యూబు ముక్క అతికించింది. నేను ఖాళీ నీళ్ళ సీసా ఇచ్చాను. ఆమె దాని మెడ కోసి, మెడను కూడా జేబులో వేసుకుంది. "అదెందుకే?" అంటే "ఎప్పుడో ఒగప్పుడు" అంది. నేను కూడా ఏదైనా దాచేటప్పుడు అదే మాట అంటాను.

రాళ్ళు మాత్రం నా వంతు. వీధి చివర ఇల్లు కడుతున్న చోట అడిగి, కంకరతోపాటు తెల్లగా ముచ్చటగా ఉన్నవి కూడా ఒక గంప ఏరుకొచ్చాను. ఆమె తెల్లరాయి ఒకటి తీసి, "నిమ్మకాయ ఉండాదా అత్తా?" అంది. సగం చెక్క ఇచ్చాను. రాయి మీద పిండింది. బుసబుసా నురగ వచ్చింది. "ఇది ముగ్గురాయి. నీళ్ళలో కరిగి సేపల పాణం తీస్తాది. వద్దు" అని పారేసింది. మిగతావి ఒక్కొక్కటే పరీక్ష పెడతానంటే నేను చెక్క లాక్కుని, ఒక్కో రాయికి ఒక్కో చుక్క నేనే వేశాను. మిగిలిన సగం ఆ మధ్యాహ్నం పులిహోరలోకి పోయింది.

బిగించడమైతే బిగించింది. నీళ్ళు టబ్బులో నిండాయి. బోర్లించిన సీసా కింద నిలబెట్టిన పైపులోంచి ఒక్కసారిగా దిగిపోవలసినవి సన్నగా కారుతూ కూర్చున్నాయి. ఆమె పని చేసే ఇంట్లో, నీళ్ళు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా కాఫీ తాగదు. అది ఆమె పట్టుదల. నేను కాఫీ కలిపి పెట్టాను. చల్లారింది. కాచాను. మళ్ళీ చల్లారింది.

"తాగి చెయ్యరాదా?"

"ఆగత్తా. నీళ్ళు సెప్తాయి."

చెవి టబ్బుకు ఆనించి కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ సీసాను తిట్టడం మొదలుపెట్టింది. "ఏందిమే, కొత్తపెళ్ళికూతురి మాదిరి సిగ్గుపడతా ఉండావు? దిగితే దిగు, లేకుంటే లే!" చివరికి కింద దిగే పైపుకు ఒక వంపు ముక్క తగిలించింది. నీళ్ళు నిండాయి, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగాయి, గుడగుడగుడమని మొత్తం దిగిపోయాయి. నేను ఉలిక్కిపడి, "మా ఆయన!" అన్నాను. ఆమె నేల మీద చతికిలబడి నవ్వింది. మూడోసారి కాచిన కాఫీ నవ్వుతూనే తాగింది. దాని రుచి గురించి మర్యాదకు కూడా ఏమీ అనలేదు.

"అయిపోయిందా?" అన్నాను.

"యాడయిపాయ? ఇంకా తోడు పెట్టల్ల."

"రాళ్ళకు తోడేందిమే?"

"పాలు ఊరికే పెరుగైతాయా అత్తా? రాళ్ళ మింద కంటికి కనపడని పాణాలు ఉంటాయి. సేపల ఉచ్చను మొక్కలకు తిండిగా మార్సేది అవే. కొత్తరాళ్ళకు అవి ఉండవు. మా ఇంటి రాళ్ళు గుప్పెడు తెచ్చి కలిపితే ఇవి గూడా తోడుకుంటాయి."

మా అబ్బాయి ముందురోజు రాత్రంతా ఫోనులో చదివి నాకు అర్థం కాకుండా చెప్పిన సంగతి అదే. నేను చదివింది మూడో తరగతి. అయినా తోడు అనగానే నాకు మొత్తం తెలిసిపోయింది. పెరుగు తోడుకోవడానికి ఒక రాత్రి పట్టినట్టే, రాళ్ళు తోడుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతే కదా.

ఆ సాయంత్రం మూత సరిగా పట్టని స్టీలు గిన్నెలో తడిరాళ్ళు పెట్టుకుని వచ్చింది. నేను గడప దగ్గరే ఆపేశాను. దీపం పెట్టినాక తోడు ఇవ్వడం గానీ తెచ్చుకోవడం గానీ మా ఇంట్లో లేదు. మా అత్తగారి నుంచి వచ్చిన పట్టింపు. పక్కింట్లో పసిబిడ్డకు పెరుగన్నం అన్నా కూడా నేను ఇవ్వలేదు.

"ఇది పెరుగు కాదత్తా, రాళ్ళు."

"తోడన్నావా లేదా?"

ఆమె గిన్నె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. "నా నోరే నాకు పగ" అని, గిన్నె ఎత్తుకుని వెనక్కి పోయింది. పొద్దున్నే వచ్చి తోడు పెట్టింది. గిన్నె మాత్రం మా ఇంట్లోనే మిగిలిపోయింది. ఎదురుపడినప్పుడల్లా, "నా గిన్నె అత్తా" అనేది. "ఖాళీ గిన్నె ఎట్ట ఇచ్చేది? ఏదన్నా సేసినప్పుడు ఏసిస్తాలే" అనేదాన్ని. "మీ ఇంట్లో ఏదన్నా మిగిలేది, అది నా గిన్నెలోకొచ్చేది... ఈ జన్మలోనేనా?" అనేది. నేను వండితే ఇంట్లోవాళ్ళకు సరిపోయేటంతే వండుతాను. మిగలదు.

ఏడాది బాగా నడిచింది. కాలవలో చుక్క నీళ్ళు పోయలేదు. పుదీనా పక్కింటికి కూడా పోయింది, దీపం పెట్టకముందు.

తర్వాత వచ్చిన శ్రావణంలో నేను చేసిన పని ఇప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. కోడలి వరలక్ష్మీ వ్రతానికని ఇత్తడి సామానంతా చింతపండుతో తోమాను. పిప్పి మిగిలింది. పారేయడానికి మనసు రాలేదు. టబ్బు వైపు చూస్తే రాళ్ళన్నీ జిగటగా, పాచిపట్టి, ముక్కు దగ్గర పెట్టుకోలేని వాసన. లక్ష్మీదేవి వచ్చే ఇల్లు. పుదీనా పీకి పక్కన పెట్టి, రాళ్ళన్నీ పళ్ళెంలో పోసుకుని, ఆ పిప్పితో తోమి తోమి, బ్లీచింగు వాసన కొట్టే కొళాయి కిందే నాలుగుసార్లు కడిగి, మళ్ళీ సర్దాను. ముత్యాల్లా ఉన్నాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. ఒకటి వెల్లకిలా పడింది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. కోడలు తిరుపతిలో ఏదో ట్రైనింగుకు పోయింది. సాయంత్రం అబ్బాయి వచ్చి కుర్చీ వేసుకుని చూడవలసిన చేపలు అవి. వాడికి ఏమని చెప్పను? ఫోను చేశాను.

"అత్తా, రాళ్ళు కదిలించినావా?" అంది పైపులామె.

"కదిలించలా."

"కడిగినావా?"

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"సరే, గమ్మునుండు. మేత ఎయ్యబాక. నిన్న డ్రమ్ములో పట్టిన నీళ్ళుంటే తీసిపెట్టు. తొట్టిలో సగం తోడెయ్యి. ఈ పని ముగించుకోని, ఇంటికాడికి పోయి తోడు తీసకోని వస్తా." పెట్టెయ్యబోయి ఆగింది. "అయినా నేనొచ్చేసరికి పొద్దు గుంకిపోతాదే. మీ ఇంట్లో దీపం..."

"దీపం ఎప్పుడు పెట్టల్లో నాకు తెల్సు. నువ్వు రా."

సగం నీళ్ళు నేనే తోడాను. కాలవలో పోయలేదు, కరివేపాకుకు, మల్లెకు, అరటికి మోశాను. నడుము పట్టుకుంది. వచ్చి హాల్లో కూర్చున్నాను. పొద్దు గుంకింది. పక్కిళ్ళలో దీపాలు వెలిగాయి. నేను కదల్లేదు. చీకటి పడింది. చీకట్లో ఆ చేపల గుటకలు వినిపిస్తూనే ఉన్నాయి.

అబ్బాయి వచ్చాడు. "ఏమ్మా, కరెంటు పోయిందా?"

"కరెంటుండాది."

"మరి లైటెయ్యలా?"

"లైటు దీపం గాదా? కూర్సో."

చెప్పు విప్పబోతూ తడుముకుని, జేబులోంచి ఫోను తీసి టార్చి వేయబోయాడు. "అది గూడా దీపమే. ఆర్పు" అన్నాను. నలభై ఏళ్ళు దాటినవాడు, కోర్టులో ఎంతమందిని చూసినవాడు, నన్ను చూసి భయపడ్డాడు. నాకు ఏదో అయిందనుకున్నాడు పాపం.

గేటు చప్పుడైంది. గడప అవతల నిలబడి పైపులామె గొంతు తగ్గించి అడిగింది. "అత్తా, దీపం?"

"ఇంకా పెట్టలా. బిన్నా, తొందరగా లోపలికి రా."

ఆమె చీకట్లో నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. ఈసారి బొచ్చె నిండా తెచ్చింది. చేత్తో తడుముకుంటూ రాళ్ళను టబ్బులో కలిపింది. డ్రమ్ము నీళ్ళు పోయించింది. మోటరు పెట్టింది. "ఇంక పెట్టుకో తల్లీ దీపం, తెల్లారిపోయేలోగా" అంది.

దీపం పెట్టాను. దాని వెలుగు ముందు ఇత్తడి బిందె మీద పడింది. అది బంగారంలా మెరిసింది. ఆమె బిందె వైపు చూసింది. టబ్బులోంచి నేను తోమిన రాయి ఒకటి తీసి వాసన చూసింది. నా వైపు చూసింది. నా జీవితంలో నేను కోడలి ముందు కూడా అట్లా తల దించలేదు.

"ఎందుకిట్ట అయిందక్కా?" అన్నాడు అబ్బాయి.

"మోటరుకేదో అడ్డం పడిందిలే అప్పా. పండగల ముందర ఇట్టాంటివి అవతా ఉంటాయి" అంది. బయటికి పోతూ నా చెవి దగ్గర, "బిందె బలే మెరస్తా ఉండాదత్తా" అంది.

ఒక చేప పోయింది. అయిదు నిలబడ్డాయి. వారం రోజులు ప్రతి సాయంత్రం, దీపానికి ముందే వచ్చి చూసి పోయేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నన్ను మాత్రం చచ్చేదాకా వదల్లేదు. వీధిలో నలుగురి ముందు, "అత్తా, సింతపండు బాగుండాదా ఈ ఏడు?" అని అడిగేది. నాకొక్కదానికే అర్థమయ్యేది. అప్పటినుంచి ఎవరే నీకు అత్త అని అడగడం మానేశాను.

పోయిన నెల పొద్దున ఒక ఇంట్లో పని చేసి వచ్చి, కాసేపు పడుకుంటానని పడుకుని లేవలేదట. గుండె అన్నారు. పోయి చూసి వచ్చాను. చొక్కా మేకుకు తగిలించి ఉంది. పడుకునేముందు కొప్పులోంచి తీసినట్టుంది, జేబులోంచి చీపురుపుల్లల కొసలు కనబడుతున్నాయి. చావింటికి గిన్నె పట్టుకుపోయే ఆచారం మాకు లేదు.

మొన్న సాయంత్రం ఆమె కూతురు వచ్చింది. అప్పటికి దీపం పెట్టేసి ఉన్నాను. గేటు దగ్గరే నిలబడిపోయింది.

"అవ్వా, దినాల్లో సుట్టాలెవురో మోటరు ఆపేసినారు. రాళ్ళన్నీ ఎండిపోయినాయి. అమ్మ సేపల్ని బక్కెట్లో పెట్టుకోనుండాను. మీ ఇంట్లో ఉండేవి మా ఇంటి రాళ్ళేనని అమ్మ సెప్పిండేది. గుప్పెడు తోడు..." నా వెనక దీపం చూసి నాలుక కరుచుకుంది. "దీపం పెట్టేసినారా? అమ్మ అది గూడా సెప్పిండేది. పొద్దున్నే వస్తాలే."

పొద్దుటిదాకా బక్కెట్లో చేపలు ఎట్లా గుటకలు వేస్తాయో నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూశాను. దీపం నిలకడగా వెలుగుతోంది. మా అత్తగారు పటంలోంచి చూస్తున్నారు. చూడనీ.

"గేటుకాడ నిలబడి మాట్లాడతారా ఎవరైనా? లోపలికి రామే" అన్నాను.

అటక మీది నుంచి ఆ స్టీలు గిన్నె తీశాను. మణికట్టు దాకా టబ్బులో చెయ్యి పెట్టాను. రాళ్ళు జిగటగా, పచ్చగా, కంపుకొడుతూ, ఎట్లా ఉండాలో అట్లా ఉన్నాయి. గుప్పెడు అడిగింది, గిన్నె నిండా పోశాను. తడి ఆరిపోకుండా పైన పుదీనా కొమ్మలు నాలుగు పెట్టి, పట్టని మూత నొక్కి ఇచ్చాను.

ఆ పిల్ల గిన్నెను తిప్పి చూసింది. "ఇది మా గిన్నె కదవ్వా?"

"మీదే. ఖాళీగా ఇయ్యకూడదని పెట్టుకోనుంటి" అన్నాను. "ఇన్నాళ్ళకు మా ఇంట్లో ఇచ్చేదానికి మిగిలింది."

వెనకాల టబ్బు గుడగుడమని పుక్కిలించింది. ఆ పిల్ల ఉలిక్కిపడి పెరటి వైపు చూసింది.

"ఎవరూ లేరులే" అన్నాను. "మీ అమ్మ."